అప్‌డేట్: బోరు నీళ్ల సెన్సార్ డ్రైవర్‌కు కెర్నెల్‌లో చోటు దొరికింది

నల్గొండ చుట్టుపక్కల బోర్ల కోసం చేసిన మా సెన్సార్ బోర్డు ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్) మీద నీటి వాహకత (నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో), ఉష్ణోగ్రత ఇస్తుంది. దాని లినక్స్ డ్రైవర్ (బోర్డుతో మాట్లాడే కోడ్) కెర్నెల్, అంటే లినక్స్ మూల భాగం, సోర్స్‌లో ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలని ఇక్కడ అడిగాను: ఐ2సీ, హెచ్‌డబ్ల్యూమాన్, మిస్క్, ఐఐఓలలో ఏది అని. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

చివరికి అది డ్రైవర్స్/ఐఐఓ/కెమికల్‌లోకే వెళ్లింది (ఐఐఓ అంటే ఇండస్ట్రియల్ ఐ/ఓ, కొలిచే సెన్సార్ల విభాగం). "చిప్ ఎలా కనెక్ట్ అయిందని కాదు, ఏం కొలుస్తుందో చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. డ్రైవర్స్/ఐ2సీ ఉన్నది బస్ కంట్రోలర్ల కోసం. హెచ్‌డబ్ల్యూమాన్ మెషీన్ సొంత ఆరోగ్యానికి, అంటే ఫ్యాన్, వోల్టేజ్, వేడి లాంటివాటికి. మిస్క్ ఎక్కడా ఇమడని వాటికి. పైగా కెమికల్‌లో వాహకత కొలిచే అట్లాస్ (అట్లాస్ సైంటిఫిక్ కంపెనీ) సెన్సార్ డ్రైవర్ ముందే ఉంది. దాని పక్కన చూస్తే మనది ఎక్కడుండాలో ఇట్టే తెలుస్తుంది. ప్యాచ్ (చేర్చాల్సిన కోడ్ మార్పు) ఎవరికి పంపాలో కెర్నెల్ సోర్స్‌లోనే ఉండే గెట్_మెయింటైనర్ స్క్రిప్ట్ చెప్పేసింది.

ఉష్ణోగ్రత కోసం వేరే డ్రైవర్ రాయాలా అన్న చర్చ అక్కర్లేకపోయింది, అదే డ్రైవర్‌లో ఇంకో ఛానెల్, అంటే ఇంకో కొలత, అంతే. రివ్యూలో చోటు గురించి ఎవరూ ఏమీ అనలేదు. కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్ (డ్రైవర్‌ను బిల్డ్‌లో చేర్చే ఫైళ్లు)లో అక్షర క్రమం పాటించమన్నారు, డివైస్ ట్రీ బైండింగ్‌ను (హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు ఎలా వర్ణించాలో చెప్పే ఫైల్) విడి ప్యాచ్‌గా డ్రైవర్ కంటే ముందు పెట్టమన్నారు.

ఫ్లోరైడ్ తెలుస్తుందా అని చాలామంది అడిగారు. తెలియదు, వాహకత మొత్తం లవణాల అంచనా మాత్రమే. ఫ్లోరైడ్‌కు వేరే ఎలక్ట్రోడ్ కావాలి.