హాల్లో డైనింగ్ టేబుల్ పెట్టాలా, వద్దా? 150 గజాల ఇంటి పంచాయితీ

నల్లగొండ_150గజాలు:
నల్లగొండలో 30×45 ప్లాట్‌లో ఇల్లు కడుతున్నాం. తూర్పు ముఖం. స్లాబ్ అయిపోయింది, ఇప్పుడు కరెంటు పైపుల కోసం గోడలు కొడుతున్నారు. హాలూ డైనింగూ కలిపి ఒకటే గది, 11 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. ముందు భాగం సోఫాకు, టీవీకి పోతే వెనక పది అడుగులు మిగులుతుంది. వంటింటి దర్వాజ, పూజ గది, అమ్మానాన్నల బెడ్‌రూమ్, వాష్‌బేసిన్ అన్నీ ఆ పది అడుగుల్లోకే తెరుచుకుంటాయి.

మా ఆవిడకు ఆరు కుర్చీల టేబుల్ కావాలి. ఇంటీరియర్ చేసే అతను దానికి తోడు సోఫాకు, డైనింగ్‌కు మధ్య సీఎన్‌సీ జాలీ (మెషిన్‌తో చిల్లుల డిజైన్ కోసిన పలక) పార్టిషన్ కూడా పెట్టమంటున్నాడు. మా నాన్నేమో "ఇల్లు కట్టింది మనం మసలడానికా, సామాను పెట్టుకోవడానికా" అని ఒకటే గొడవ. ఆయన ఇప్పటికీ కిందే కూర్చుని తింటాడు. అమ్మది మర్రిగూడ వైపు, మోకాళ్లు వంగవు. లైట్ ఎక్కడ, ప్లగ్ ఎక్కడ అని ఎలక్ట్రీషియన్ రోజూ అడుగుతున్నాడు. టేబుల్ సంగతి తేలకుండా ఏం చెప్పాలి?

పాలమూరు_పోరడు:
వద్దే వద్దు అన్నా. మహబూబ్‌నగర్‌లో నేను చూసిన ఇళ్లలో డైనింగ్ టేబుల్ మీద ఉండేవి ఇస్త్రీ చేయాల్సిన బట్టలు, బీపీ గోళీలు, ఛార్జర్, పిల్లల నోట్‌బుక్కులు. తినేది మాత్రం సోఫాలో, టీవీ ముందు, పళ్లెం ఒళ్లో పెట్టుకుని. పైగా మాది జొన్నరొట్టె తినే ఇల్లు. రొట్టె పెనం మీంచి దిగిన వేడికే తినాలి, ఒకటి తినేలోపు ఇంకొకటి రావాలి. వంటింటి గడప పక్కన పీట వేసుకుంటేనే అది కుదురుతుంది.

ఆ పది అడుగులు ఖాళీగా ఉంచి చూడండి. పండక్కి చుట్టాలొస్తే పదిహేను మంది వరుసగా కూర్చుంటారు, రాత్రికి అక్కడే పడుకుంటారు. కింద పరవడానికి మా దగ్గర గొంగడి ఉండనే ఉంది. కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసేది. కొత్తలో కాస్త గుచ్చుకుంటుంది కానీ, మడతపెట్టి వేస్తే చలికాలంలో గ్రానైట్ చల్లదనం తెలియదు.

దేవరకొండ_అక్క:
తమ్మీ, గడప పక్కన పీట వేసుకుని నువ్వు వేడివేడిగా తింటావు, బాగుంది. మరి పెనం ముందు నిలబడ్డ మనిషి ఎప్పుడు తింటుంది?

నేల మీద వడ్డించాలంటే ప్రతి పళ్లెం ముందూ నడుం వంచాలి. అన్నానికోసారి, పప్పుకోసారి, చారుకోసారి, పెరుగుకోసారి. అందరూ లేచాక మెతుకులు ఏరి తడిగుడ్డ పెట్టాలి. గిన్నెలు టేబుల్ మీద పెడితే ఎవరిది వాళ్లు వడ్డించుకుంటారు, వండిన మనిషి కూడా నలుగురితో కూర్చుంటుంది.

ఇక అసలు సంగతి ఆ అమ్మగారి మోకాళ్లు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం పక్క పాతతరం బోరు నీళ్లే తాగి పెరిగింది. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. మిషన్ భగీరథ నీళ్ల పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లోనే కట్టారు, ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. కానీ ఎముకల్లో చేరింది నల్లా తిప్పితే పోదు కదా. మన జిల్లాలో ఇల్లు కట్టేవాళ్లు ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఎంతవరకు వంగగలరో చూసి, ఆ తర్వాత ఫొటోలు చూసుకోవాలి.

పాలమూరు_పోరడు:
టేబుల్ కొన్న ఇళ్లలో ఆడవాళ్లు అందరితో కలిసి తింటున్నారా అక్కా? మా చిన్నమ్మ ఇంట్లో ఎనిమిది కుర్చీల టేబుల్ ఉంది, ఆమె ఇప్పటికీ ఆఖర్నే తింటుంది. మగవాళ్లు లేచి గిన్నె అందుకోవడం నేర్చుకోకపోతే ఏ సామాను కొన్నా అంతే. అమ్మ ఒక్కరికే ఇబ్బంది అంటారా, మంచి కుర్చీ ఒకటి, ముందు స్టూలు ఒకటి వేస్తే సరిపోతుంది.

దేవరకొండ_అక్క:
అందరూ కింద వరుసలో, ఆమె ఒక్కతే మూలకు కుర్చీలో. అలా కూర్చోబెడితే అత్తగారు రెండో రోజు నుంచి "నాకు తర్వాత పెట్టండి" అంటుంది. అడిగి చూడండి.

కొలతలు_ముందు:
మిర్యాలగూడలో ఫర్నిచర్ వర్క్‌షాప్ లెక్కలు చూస్తాను. ఇద్దరి మాటా పక్కన పెట్టి టేపు పట్టండి.

ఆరుగురి టేబుల్ మామూలుగా 6×3 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. కుర్చీ వెనక్కి లాగి లేవాలన్నా, కూర్చున్నవాళ్ల వెనకాల నుంచి ఇంకో మనిషి పోవాలన్నా చుట్టూ మూడడుగులు వదలాలి. వెడల్పులో 3+3+3, అంటే తొమ్మిది. మీకున్నది 11, పడుతుంది. పొడవులో 3+6+3, అంటే పన్నెండు. మీకున్నది 10. సోఫా వైపు తెరిచే ఉంది కాబట్టి ఆ రెండడుగులు అటు నుంచి అప్పు తెచ్చుకోవచ్చు. జాలీ పార్టిషన్ పెట్టారంటే ఆ అప్పు కూడా పుట్టదు. దాని చిల్లుల్లో దుమ్ము ఎవరు తుడుస్తారో ఇంటీరియర్ అతన్నే అడగండి.

నా ఓటు 4×2½ అడుగుల టేబుల్‌కు. పొడుగు వైపు గోడకు ఆనించండి. ముందు ఇద్దరు, చివర్లలో ఒక్కొక్కరు, రోజువారీ నలుగురికి చాలు. చుట్టాలొస్తే ముందుకు లాగి గోడ వైపు బెంచీ వేస్తే ఆరుగురు. అమ్మగారికి మాత్రం బెంచీ వద్దు, వెన్నుకు ఆసరా ఉండదు. చేతులున్న కుర్చీ, సీటు 18 అంగుళాలకు తగ్గకుండా చేయించండి. చేతుల మీద బరువు మోపి లేస్తారు.

ఎలక్ట్రీషియన్‌కు ఇది చెప్పండి: టేబుల్ మీద వేలాడే లైట్ వద్దు. అది టేబుల్ నుంచి 30 అంగుళాల పైన వేలాడాలి, అంటే టేబుల్ ఎప్పటికీ దాని కిందే ఉండాలి. మీది జరిగే టేబుల్. పైగా అక్కడ ఫ్యాన్ తిరిగితే ఆ లైట్ ఊగుతూనే ఉంటుంది. మే నెలలో నల్లగొండలో ఫ్యాన్ లేకుండా అన్నం తినేవాడు ఎవడండీ? స్లాబ్ కొక్కెం ఫ్యాన్‌కు ఉంచి, లైట్ గోడకు ఇవ్వండి. టేబుల్ పక్కనే ఒక ప్లగ్ పాయింట్ కూడా.

నల్లగొండ_150గజాలు:
టేబుల్ పైన మార్బుల్ వేయమంటున్నాడు ఇంటీరియర్ అతను. మా ఆవిడ కూడా దానికే మొగ్గు. వేయొచ్చా?

కొలతలు_ముందు:
చారు తాగే ఇంట్లో మార్బుల్ వద్దు. మార్బుల్ అయినా, తాండూరు బండ అయినా పులుపు పడదు. చింతపండు రసమో నిమ్మరసమో పడి కాసేపు ఉంటే పాలిష్ తినేసి గుండ్రంగా మచ్చ మిగులుతుంది. పసుపు మరకైతే లోపలికే దిగుతుంది. గ్రానైట్ ఆ పులుపుకు లొంగదు, కానీ 4×2½ బండ 18 మిల్లీమీటర్ల మందంలో 45 కిలోల దాకా తూగుతుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా లాగాల్సిన టేబుల్‌కు ఆ బరువేంటి? ఎండిన టేకు పలక వేయించి పైన పాలిష్ కొట్టించండి. పచ్చి టేకు అంటగడితే రెండు ఎండాకాలాలకు జాయింట్లు విడతాయి, అది చూసుకోండి.

గద్వాల_సారు:
పడమర వైపు భోజనం వాస్తు ప్రకారం మంచిదే. టేబుల్ పెట్టుకోండి.

పాలమూరు_పోరడు:
సారూ, వాస్తు మొదలుపెడితే ఈ చర్చ తెగదు.

మగ్గం_మాట:
ఒక పక్కమాట. ఇల్లు తూర్పు ముఖం అంటున్నారు, డైనింగ్ వెనక, అంటే పడమర కిటికీ. మధ్యాహ్నం మూడింటికి ఎండ నేరుగా పళ్లెంలో పడుతుంది. అక్కడ కర్టెన్ అలంకారం కోసం కాదు, అవసరం.

మన ఉమ్మడి జిల్లా ఇక్కత్ వేయాలనుకుంటే వెనక తెల్లటి లైనింగ్ కుట్టించండి, లేకపోతే ఎండకు రంగు వెలుస్తుంది. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. పోచంపల్లి, పుట్టపాక నేతలో నూలును ముందే చిటికీ కట్టి (రంగు అంటకూడని చోట దారం బిగించి), రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త అదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు బట్టకు గీత కత్తితో కోసినట్టు ఉంటుంది, వెనక వైపు వెలవెలబోతుంది. పోచంపల్లి పేరు చెప్పి ప్రింటు అమ్మే కొట్లు చాలానే ఉన్నాయి. టేబుల్ మీద మాత్రం ఇక్కత్ రన్నర్ రోజూ వేయకండి. పప్పు ఒలికితే ఉతకాలి, ఉతికినకొద్దీ రంగు తగ్గుతుంది. పండగలకు తీయండి చాలు.

నల్లగొండ_150గజాలు:
రాత్రి ఈ చర్చంతా ఇంట్లో చదివి వినిపించాను. పార్టిషన్ తీసేశాం, దాని డబ్బు కర్టెన్లకు. నాలుగడుగుల టేబుల్‌కు మా ఆవిడ ఒప్పుకుంది కానీ, ఆరు కుర్చీలూ కొని, రెండు కుర్చీలను బెడ్‌రూముల్లో పెడతానంటోంది. బెంచీ ఆమెకు నచ్చలేదు, హోటల్‌లా ఉంటుందట. నాన్న తన పీట తనకు ఉండాలన్నాడు, టేబుల్ పక్కన నాలుగడుగులు ఆయనకు వదిలేశాం. అమ్మ ఏమీ అనలేదు. చేతులున్న కుర్చీ అనగానే మాత్రం "చేతులు వెడల్పుగా పెట్టించు" అంది.

పాలమూరు_పోరడు:
నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. మిగతాదానికి నేను ఒప్పుకోను. రెండేళ్లలో ఆ టేబుల్ మీద ప్రింటర్ వచ్చి కూర్చుంటుంది.

దేవరకొండ_అక్క:
రానీ తమ్మీ, తినేటప్పుడు తీసి పక్కన పెడతారు. నల్లగొండ తమ్ముడూ, గోడలు ఎలాగూ కొడుతున్నారు కదా, వాష్‌బేసిన్ పక్కన స్టీలు కమ్మీ ఒకటి బిగించేలా ఇప్పుడే చూసుకో. తిని లేచిన మనిషి తడి చేత్తో పట్టుకునేది దాన్నే. గోడకు టైల్స్ వేశాక డ్రిల్లు పెడితే పగులుతాయి, మేస్త్రి కూడా సణుగుతాడు.

నల్లగొండ_150గజాలు:
ఆ ఆలోచనే రాలేదక్కా. ఎంత ఎత్తులో పెట్టించాలి?

కొలతలు_ముందు:
అమ్మగారిని బేసిన్ దగ్గర నిలబెట్టి, మోచెయ్యి కాస్త వంచి చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టండి. కొలత పుస్తకంలోది తీసుకోవద్దు.