అప్‌డేట్: నాన్న మెకానికల్ వాల్వ్‌కు ఇన్ఫెక్షన్

అయోర్టిక్ మెకానికల్ వాల్వ్ (గుండె నుంచి పెద్ద ధమనిలోకి రక్తం వెళ్లే చోట అమర్చిన కృత్రిమ కవాటం) ఉన్న మా నాన్నకు జ్వరం వదలడం లేదు, ఏం చేయాలని ఆమధ్య అడిగాను కదా. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) చేయించమన్న వాళ్లందరికీ చేతులెత్తి దండం. ముందే మందు పడితే క్రిమి కల్చర్‌లో దొరకకపోవచ్చట. నాన్నకు స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలింది.

ఛాతీ మీంచి చేసే మామూలు ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్)లో ఏమీ కనబడలేదు. లోహపు వాల్వ్ నీడ పడి వెనకున్నది సరిగ్గా కనిపించదట. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకో, అంటే టీఈఈలో, వాల్వ్‌ను కుట్టిన చోట చీముగడ్డ బయటపడింది. మమ్మల్ని వణికించింది అదే. గుండె లయను నడిపే విద్యుత్ దారి ఆ వాల్వ్ పక్కనుంచే పోతుంది. చీము అటు పాకితే హార్ట్ బ్లాక్, అంటే రక్తనాళం మూసుకుపోవడం కాదు, ఆ విద్యుత్ సంకేతాలకు అడ్డు పడటం. అందుకే రోజూ ఈసీజీ తీసి పీఆర్ ఇంటర్వెల్ (ఆ సంకేతం గుండె పై గదుల నుంచి కింది గదులకు చేరే సమయం) చూసేవారు. అది పెరుగుతూ రావడంతో సర్జన్‌గారు ఇక ఆగలేదు, చీమంతా శుభ్రం చేసి వాల్వ్ మార్చారు. వాల్వ్ మీద పేరుకున్న ఇన్ఫెక్షన్ గడ్డలోంచి ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుందన్నారు. దేవుడి దయ, అది జరగలేదు.

ఇప్పుడు నరం ద్వారా మందులు ఎక్కుతున్నాయి. కృత్రిమ వాల్వ్‌కు సోకితే కనీసం 6 వారాలు తప్పదట. వాటిలో రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ వల్ల, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ ప్రభావం తగ్గుతుంది, కాబట్టి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) తరచూ చూపిస్తున్నాం. ఇకమీదట పన్ను పీకించుకోవాలన్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందే.

పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుందా అని ఒకరు అడిగారు. తాత్కాలికంగా పెట్టారు, లయ కుదుటపడ్డాక తీసేశారు.