"ఉప్పు కప్పురంబు" పద్యంలో 'చూడ చూడ' అంటే ఏ చూపు?

ప్రశ్న (హైస్కూల్ తెలుగు టీచర్):

అందరికీ నమస్కారం. పిల్లలకు ఈ వేమన పద్యం చెబుతున్నాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

రెండో పాదం దగ్గర ఒక పాప లేచి అడిగింది: "టీచర్, చూడటానికి ఒకేలా ఉంటాయని చెప్పి మళ్లీ చూడ చూడ వేరు అంటాడేంటి? రుచి తెలిసేది నాలుకకు కదా?" తాత్పర్యంలో "చూడటానికి ఒకేలా ఉన్నా రుచి చూస్తే తేడా తెలుస్తుంది" అని చెప్పేశాను కానీ నాకే తృప్తి కలగలేదు. ఆ రెండు 'చూడ'లను ఎలా అన్వయించాలి? రేపు ఉప్పు, కర్పూరం తీసుకెళ్లి పిల్లలకు రుచి చూపిద్దామని కూడా అనుకుంటున్నాను.

వ్యాఖ్య (రిటైర్డ్ తెలుగు లెక్చరర్):

ఒక 'చూడ' పై పాదానిది, ఒకటి కింది పాదానిది. "చూడ ఒక్క పోలిక నుండు, రుచుల జాడ చూడ వేరు." పద్యంలో అన్వయం పాదం దాటడం మామూలే. ఇందులో పెద్ద చిక్కేమీ లేదమ్మా.

వ్యాఖ్య:

మేం చిన్నప్పుడు "రుచుల జాడ వేరయా" అని చదివాం. ఏది కరెక్టు?

జవాబు:

టీచర్ గారూ, ముందు అన్నిటికంటే ముఖ్యమైన మాట. క్లాసులో కర్పూరం రుచి చూపించకండి. బజారులో దొరికే హారతి కర్పూరం తినేది కాదు. పిల్లల్లో కొంచెం లోపలికి వెళ్లినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఉప్పు చాలు, కర్పూరాన్ని వాసన చూపించండి.

నేను తెలుగు పండితుణ్ని కాను. పదార్థాల మీద లేజర్ కాంతి వేసి అవేమిటో తేల్చే ల్యాబ్‌లో పనిచేస్తాను. తెలుగులో మా పనికి ఇంత దగ్గరగా వచ్చే పద్యం నాకు మరొకటి తెలియదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

'వేరయా' సంగతి ముందు తేల్చేద్దాం. ఇది ఆటవెలది. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే రావాలి. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. లెక్క సరిపోయింది. 'వేరయా' అంటే గురువు, లఘువు, గురువు కలిసి ర-గణం అవుతుంది. అది ఇంద్రగణం కాబట్టి అక్కడ కుదరదు. మూడో పాదం చివర ఇంద్రగణం రావాలి గనుక అక్కడి 'వేరయా' సరిగ్గా ఉంది. నోటికి అలవాటై పైకి కూడా పాకింది. ఇంకో అందం చూడండి. ఈ పాదంలో చూ-కీ జా-కీ అచ్చు కలవదు, యతి కుదరదు. ప్రాసయతితో, అంటే రెండో అక్షరం 'డ' కలిపి, నడిపించాడు. 'చూడ'కు జోడీ 'జాడ'.

ఇక అసలు ప్రశ్న. లెక్చరర్ గారి అన్వయం తప్పని అనను. కానీ నా చెవికి ఆ రెండు 'చూడ'లు విడివడవు. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నది కూడా వేమనే కదా. అక్కడ ఒక 'తినగ' ముందు పాదానిది, ఒకటి వెనక పాదానిది అని మనం పంచం. తింటూ పోతే అని చెప్పుకుంటాం. రాను రాను, పోను పోను, చెప్పగా చెప్పగా విన్నాడు, ఇవన్నీ ఇంట్లో మాట్లాడే మాటలే. క్రియను రెండుసార్లు అంటే పని సాగుతోందని, దానివల్ల చివరికి ఏదో మారుతుందని. అలా చదివితే 'చూడ చూడ' అంటే చూస్తూ చూస్తూ పోగా. మొదటి చూపుకు పోలిక, చూస్తూ పోతే తేడా. పాప పట్టుకున్న వైరుధ్యం అక్కడితో పోతుంది.

రెండోది, తెలుగులో 'చూడు' కంటికి మాత్రమే కట్టుబడి లేదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, డాక్టర్ నాడి చూస్తాడు, బరువు చూస్తాం, ఒకసారి చేసి చూడు అంటాం. ఏ దారినైనా పరీక్షించి తెలుసుకోవడం మనకు చూడటమే.

మా దగ్గర ఆ చూడటం ఎలా జరుగుతుందో చెబుతాను. మా యంత్రం పేరు రామన్ మైక్రోస్కోపు. లేజర్ ఆకుపచ్చది, 532 నానోమీటర్లు. కల్లుప్పు పలుకు ఒకటి గాజు పలక మీద పెడతాం. కర్పూరాన్ని మాత్రం మూత బిగించిన చిన్న గాజు సీసాలో పెట్టి గాజు గుండానే చూస్తాం. తెరిచి పెడితే ఆవిరై లెన్సు మీద పొరలా పట్టుకుంటుంది, దాన్ని తుడవటం పెద్ద టెన్షన్. ముందుగా సిలికాన్ ముక్క పెట్టి, యంత్రం తెర మీద దాని గీత 520 దగ్గర పడుతోందో లేదో సరిచూస్తాం. యంత్రం నిజం చెబుతోందనడానికి అదే గుర్తు. తర్వాత గదిలో లైట్లు ఆపేసి లేజర్ వదులుతాం. మైక్రోస్కోపు కింద రెండు పలుకులూ తెల్లగా, మెరుస్తూ, ఒక్క పోలికనే ఉంటాయి.

పదార్థం మీద పడి చెదిరిన కాంతి దాదాపు అంతా వచ్చిన రంగులోనే తిరిగి వస్తుంది. ఏ కోటిలో ఒక వంతో రంగు కొద్దిగా మారి వస్తుంది. అణువుల్లోని బంధాలు వాటి వాటి లయలో కంపిస్తుంటాయి. ఆ కంపనానికి కావలసిన శక్తిని ఇచ్చేసి, కాంతి ఆ మేరకు తగ్గి బయటికొస్తుంది. ఎంత తగ్గిందో కొలిస్తే లోపల ఏ బంధం ఎలా ఊగుతోందో తెలుస్తుంది. తగ్గుదలను సెంటీమీటరుకు ఇన్ని తరంగాలు అని లెక్కిస్తారు. పైన చెప్పిన 520 ఆ లెక్కలోనిదే. అసలు రంగును ఫిల్టర్‌తో ఆపేసి, మారిన ఆ కొంచెం కాంతిని పోగుచేస్తాం. ఒకసారి చూసి వదిలేస్తే గీత సరిగా లేవదు. మళ్లీ మళ్లీ పోగుచేసి కలపాలి. ఆ పని చేసేటప్పుడల్లా నాకు 'చూడ చూడ' గుర్తొస్తుంది.

కర్పూరం తెర మీద గీతల గుంపుగా లేస్తుంది. 650 దగ్గర బలమైన గీత, 1740 దగ్గర కార్బన్, ఆక్సిజన్ మధ్య జంట బంధపు గీత, 3000కు కాస్త ఇటుగా కార్బన్, హైడ్రోజన్ బంధాల గుంపు. ఉప్పు పెడితే తెర దాదాపు చదునుగా ఉంటుంది. ఒక్క పదునైన గీత కూడా రాదు. అది యంత్రం లోపం అనుకోకండి. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్‌లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. కుడివైపు ఏముందో ఎడమవైపూ సరిగ్గా అదే. అలాంటి చోట అయాన్ ఊగినప్పుడు ఒక పక్క కలిగే మార్పును రెండో పక్క మార్పు కొట్టేస్తుంది. కాంతికి రంగు మార్చే అవకాశమే ఉండదు.

ఏ స్ఫటికంలో ఏ కంపనం గీత ఇస్తుంది, ఏది ఇవ్వదు అని సమరూపత నుంచి లెక్కగట్టే పద్ధతిని మనవాళ్లే బాగా సాగదీశారు. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారిది కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. 1928లో, అంటే రామన్ ఫలితం బయటపడిన ఏడాదే, కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతాన్ని, అంటే సమరూపతను లెక్కగట్టే గణితాన్ని, భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ వారు రాసిన పుస్తకం దేశవిదేశాల్లో విద్యార్థులు చదివారు. రామన్ కూడా చిన్నప్పుడు విశాఖలోనే చదువుకున్నారు, తండ్రి అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఈ సంగతులు సైన్సు క్లాసులోనే కాదు, తెలుగు క్లాసులోనూ చెప్పదగినవి.

ఉప్పు కథ అక్కడ ఆగలేదు. 1931లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు ఫెర్మీ, రసెట్టి పాదరసపు దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతితో ఉప్పు స్ఫటికాన్ని పట్టుబట్టి చూశారు. రెండు కంపనాలు జంటగా పాల్గొంటే పుట్టే మసక పట్టీలు కనిపించాయి. తర్వాత స్ఫటికాలు ఎలా కంపిస్తాయన్న దానిపై రామన్‌కూ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌కూ ఏళ్ల తరబడి వాదం నడిచినప్పుడు ఉప్పు గీతలు కూడా సాక్ష్యానికి వచ్చాయి. చివరికి బోర్న్ లెక్కే నిలిచింది. ఏమీ కనిపించదన్న ఉప్పులో కూడా చూడగా చూడగా జాడ దొరికింది.

వ్యాఖ్య (రిటైర్డ్ తెలుగు లెక్చరర్):

బాబూ, చూడ-జాడ ప్రాసయతి సంగతి బాగా పట్టావు. 'తినగ తినగ' పోలిక కూడా బలమైనదే. కానీ ఒక మాట. 'తినగ తినగ'లో ఫలితం వేపకు అలవాటు పడటం. మారేది తినేవాడు, వేప కాదు. ఇక్కడ తేడా ఉప్పులో, కర్పూరంలో ముందునుంచే ఉంది. కాబట్టి రెండు ప్రయోగాలూ ఒకటే అనలేం.

జవాబు:

మాస్టారూ, అది నిజమే, నేను అంత దూరం ఆలోచించలేదు. అయినా ఇక్కడ కూడా మారేది చూసేవాడే అనుకుంటాను. వస్తువులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, చూసేవాడి తెలివిడి పెరిగింది. మూడో పాదంలో మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ అర్థమే పనికొస్తుంది. పుణ్యపురుషుణ్ని ఒక్క చూపులో పోల్చలేం కదా.

వ్యాఖ్య (ఇంజనీరింగ్ విద్యార్థి):

అన్నా, గీత రాకపోతే అది ఉప్పే అని ఎలా చెప్తారు? ఏమీ కనిపించకపోవడం రుజువు అవుతుందా?

జవాబు:

కాదు తమ్ముడూ. పొటాషియం క్లోరైడ్ కూడా అదే అమరిక, అదీ అలాగే చదునుగా ఉంటుంది. అప్పుడు వేరే చూపు కావాలి. సెకనులో వందకోట్ల వంతుల్లో కొలిచేంత పొట్టి లేజర్ దెబ్బను ఉప్పు పలుకు మీద ఒక్క బిందువులో కొడతారు. అక్కడి పదార్థం కొంచెం లేచి, వేల డిగ్రీల వేడిలో ప్లాస్మాగా, అంటే విద్యుదావేశమున్న వాయువుగా, మారి మెరుస్తుంది. ఆ మెరుపులో 589 నానోమీటర్ల దగ్గర పసుపు గీతల జంట ఉంటే సోడియం ఉన్నట్టే. స్టవ్ మంట మీద ఉప్పు పడితే వచ్చే పసుపు రంగు అదే. ఈ పద్ధతిని లిబ్స్ అంటారు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి నేలలో గంధకం ఉందని చెప్పింది ఈ పరికరంతోనే. అంగారకుడి మీదున్న పర్సివరెన్స్ రోవర్‌లో అయితే లిబ్స్, రామన్ రెండూ ఒకే పరికరంలో ఉన్నాయి. ఒకటి మూలకాలేమిటో చెబుతుంది, రెండోది అవి ఎలా కట్టుకుని ఉన్నాయో చెబుతుంది.

వ్యాఖ్య:

మాది లేజర్ కటింగ్ షాపు. పెళ్లికార్డులు, ఆక్రిలిక్ బోర్డులు కోస్తాం. మా మెషీన్‌తో ఉప్పు గడ్డను కోయొచ్చా?

జవాబు:

మీది కార్బన్ డయాక్సైడ్ లేజర్ అయి ఉంటుంది. 1964లో సి. కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన రకం. దాని కాంతి 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనిపించదు. కాగితం, చెక్క, ఆక్రిలిక్ ఆ కాంతిని పీల్చుకుని అక్కడికక్కడే కాలి ఆవిరవుతాయి కాబట్టి కోత పడుతుంది. శుభ్రమైన ఉప్పు స్ఫటికం ఆ కాంతిని దాదాపు పీల్చుకోదు, దాటిపోనిస్తుంది. అందుకే తొలినాళ్లలో ఆ లేజర్లకు ఉప్పు స్ఫటికాన్నే కిటికీగా బిగించేవారు. తేమ తగిలితే మసకబారేది కాబట్టి జాగ్రత్తగా కాపాడుకునేవారు. కానీ దయచేసి ప్రయత్నించకండి. దాటిన కాంతి కింద దేనికి తగులుతుందో తెలియదు. కర్పూరం అసలే మెషీన్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, వెంటనే అంటుకుంటుంది.

వ్యాఖ్య:

ప్రసాదంలో వేసే పచ్చ కర్పూరం, హారతి కర్పూరం ఒకటేనా? వేమన చెప్పింది ఏది?

జవాబు:

రుచి అన్నాడు కాబట్టి పచ్చ కర్పూరమే అనిపిస్తుంది. సంప్రదాయంగా పచ్చ కర్పూరం అని పిలిచేది బోర్నియో వైపు చెట్ల నుంచి వచ్చేది, అందులో ఉండేది బోర్నియోల్. ఈ కాలపు హారతి కర్పూరం ఎక్కువగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారవుతుంది. రెండూ చూపుకు ఒకటే. అయితే బోర్నియోల్‌లో కార్బన్, ఆక్సిజన్ జంట బంధం లేదు, 1740 దగ్గరి గీత రాదు. పచ్చ కర్పూరం పేరుతో హారతి కర్పూరం అమ్మితే ఆ ఒక్క గీత పట్టిస్తుంది. కొనేటప్పుడు తినదగినదని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి, చిటికెడుకు మించి వాడకండి.

టీచర్:

అందరికీ ధన్యవాదాలు. రేపు పిల్లలకు ముందు 'రాను రాను', 'తినగ తినగ' చెప్పి తర్వాత ఈ పద్యానికి వస్తాను. కర్పూరం వాసన వరకే.

జవాబు:

టీచర్ గారూ, ఒక మనవి. రెండో పాదం 'జాడ వేరు' అని ఉన్న పాత అచ్చుప్రతి గానీ, 'వేరయా' అని ఉన్నది గానీ సభ్యుల ఇళ్లలో ఉంటే ఆ పేజీ ఫోటో, అచ్చయిన సంవత్సరంతో సహా ఇక్కడ పెట్టమనండి. మాస్టారు గారు, నేను కూర్చుని పోల్చి చూస్తాం.