వలస కుటుంబాల పిల్లల చదువు: కార్యకర్తలను నిలుపుకోవడం, మరో సంస్థతో కలవడం ఎలా?

దేవరకొండ కార్యకర్త (ప్రశ్న):
మిత్రులకు నమస్కారం. దేవరకొండ చుట్టుపక్కల ఐదు తండాల్లో, వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చిన్న సంఘం మాది. జూన్‌లో నల్లగొండ నుంచి, హైదరాబాద్ నుంచి యువకులు ఉత్సాహంగానే వచ్చి చేరుతారు. కానీ దసరా దాటి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని పెద్దలు పనులకు వెళ్లిపోయి, పిల్లలు అవ్వ తాతల దగ్గర మిగిలిపోయే సమయానికి, అంటే మా అవసరం అన్నిటికన్నా ఎక్కువయ్యే రోజులకు, వారిలో సగం మంది కూడా ఉండరు. ఒక కేంద్రం మూతపడితే ఆ పిల్లలను మళ్లీ కూర్చోబెట్టడానికి నెలలు పడుతోంది.

మరో సంగతి. పాలమూరు వైపు ఇదే పని చేస్తున్న ఒక సంస్థ, ఇద్దరం కలిసి ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధికి దరఖాస్తు చేద్దామంటోంది. గతంలో ఒక పెద్ద సంస్థతో మాట మీద కలిసి పనిచేస్తే, చివరి నివేదికలో మా పేరే లేదు. అందుకే వెనుకాడుతున్నాం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నారాయణపేట సభ్యురాలు:
అన్నా, మేమూ ఇదే బాధ పడ్డాం. బయటి నుంచి వచ్చేవారి మీద కేంద్రాన్ని నిలబెట్టడం మానుకున్నాకే మా పని కుదుటపడింది. గ్రామ సమాఖ్య నెలవారీ సమావేశానికి వెళ్లి, ఇంటరో డిగ్రీయో చదివి ఆ ఊరికి కోడళ్లుగా వచ్చినవారు ఎవరున్నారో అడగండి. అడిగి ఊరుకోకుండా, వారి ఇంటికి వెళ్లి అత్తగారితో కూడా మాట్లాడండి. సాయంత్రం వంట వేళకు కోడలు రెండు గంటలు బయట ఉండాలంటే ఆమె ఒప్పుకోలు లేకుండా సాగదు. ఒప్పుకున్న అత్తగారే తర్వాత పిల్లలను పిలుచుకొచ్చిన సందర్భాలు మా దగ్గర ఉన్నాయి.

కేంద్రానికి ఇద్దరిని పెట్టుకోండి, ఒకరు కాన్పుకు పుట్టింటికి వెళ్లినా తలుపు తెరిచే ఉంటుంది. చిన్నదైనా సరే, ప్రతి నెలా ఒకే తేదీన గౌరవ వేతనం ఇవ్వండి. బీద ఇంటి ఆడపిల్లను ఉచితంగా పనిచేయమని అడగడం నాకు న్యాయంగా తోచదు. తండాల్లో అయితే లంబాడీ మాట్లాడేవారే ఉండాలి. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష విన్న ఒకటో తరగతి పిల్లవాడు నోరు తెరవడానికి అదే ముఖ్యం. మా కృష్ణా మండలంలో కన్నడం మాట్లాడే ఇళ్లలోనూ ఇదే గమనించాం.

నల్లగొండ అధ్యాపకుడు:
కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యతలు చూసిన అనుభవంతో రాస్తున్నాను. విద్యార్థులను పూర్తిగా వదులుకోకండి, వారికి తగిన పని అప్పగించండి. ఎన్ఎస్ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దానికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. పరీక్షల మధ్య రోజూ పాఠం చెప్పడం వారి వల్ల కాదు. అదే శిబిరాన్ని దసరాకు ముందు మీ తండాలో పెట్టిస్తే, ఏ ఇంటివారు ఏ నెలలో వెళ్తారో, పిల్లలను ఎవరి దగ్గర వదులుతారో ఇల్లిల్లూ తిరిగి రాసిస్తారు. ప్రిన్సిపాల్‌కు జూన్‌లోనే ఉత్తరం ఇవ్వండి, ఆలస్యమైతే శిబిరం ఊరు ఖరారైపోతుంది.

మహబూబ్‌నగర్ లెక్కల నిపుణుడు:
నిధి విషయం చెబుతాను. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల సీఎస్ఆర్ పనులు చేపట్టే సంస్థ కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు చేసుకోవాలి. మీలాంటి సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులతో పాటు అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవమూ చూస్తారు. ఇద్దరికీ నమోదు ఉంటే, కంపెనీ ఎవరి వాటా వారికి నేరుగా పంపేలా అడగండి. ఆ సంస్థకు విదేశీ విరాళాలు వస్తుంటే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకొక సంస్థకు బదిలీ చేయడానికి వీలు లేదు.

డబ్బు రాకముందే ఒప్పందం కాగితం మీద పెట్టండి. ఏ ఊళ్లు ఎవరివి, కార్యకర్తకు జీతం ఎవరిస్తారు, పిల్లల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, నివేదికలో ఎవరి పేరు ఎక్కడ వస్తుంది అనేవి అందులో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మధ్యలో ఒకరు తప్పుకుంటే ఆ విద్యా సంవత్సరం ముగిసేవరకు కేంద్రాలను ఎవరు నడుపుతారో రాసుకోండి. దీనికి ఒప్పుకోని సంస్థతో కలవకపోవడమే మేలని నా అభిప్రాయం.

దేవరకొండ కార్యకర్త:
అందరికీ కృతజ్ఞతలు. ఒప్పందం ముసాయిదా ముందుగా మేమే రాసి వారికి పంపుతాం. అత్తగారితో మాట్లాడాలన్న ఆలోచన మాకు ఇన్నాళ్లూ రానేలేదు. పెళ్లయ్యాక మా దగ్గర మానేసిన ఇద్దరు అమ్మాయిలు పక్క తండాల్లోనే ఉన్నారు, ఈ ఆదివారం వారి ఇళ్లకు వెళ్తున్నాను.