రిజర్వ్ (ఆదివాసీలకి కేటాయించిన భూమి) వదిలి సిటీలో ఉండే నేటివ్స్‌కి నిజంగా "అన్నీ ఫ్రీ"యేనా? (కెనడా, విన్నిపెగ్‌లో ఇల్లు అద్దెకిచ్చే విషయం)

ప్రైరీ_కుర్రాడు
అందరికీ నమస్తే. విన్నిపెగ్ వెస్ట్ ఎండ్‌లో అద్దెకిద్దామని ఒక పాత ఇల్లు కొన్నాం. క్రీ (ఇక్కడి ఒక ఆదివాసీ తెగ) ఆవిడ ఒకరు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు, కేర్ హోమ్‌లో హెల్త్ కేర్ ఎయిడ్‌గా చేస్తున్నారు, పే స్టబ్‌లు కూడా చూపించారు. వంటింటి కుళాయి తిప్పి చూసి, కిటికీ సందుల్లోంచి చలిగాలి వస్తోందా అని చెయ్యి పెట్టి చూసి, స్కూల్ బస్ ఎక్కడ ఆగుతుందని అడిగారు. నాకైతే ఇద్దామనే ఉంది. కానీ ఇక్కడి మన ఫ్రెండ్స్ అందరూ వద్దంటున్నారు, "వాళ్ళకి గవర్నమెంట్ అన్నీ ఫ్రీగా ఇస్తుంది, టాక్స్ లేదు, చదువు ఫ్రీ, ఇల్లు ఫ్రీ, అయినా బాగుపడరు, నీకెందుకు తలనొప్పి" అని. అన్నీ ఫ్రీ అయితే ఆవిడ డబుల్ షిఫ్టులు చేసుకుంటూ అద్దె ఇల్లు ఎందుకు వెతుక్కుంటున్నారు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బ్రాంప్టన్_బాబాయ్
తమ్ముడూ, నేను ఉన్నదున్నట్టు మాట్లాడతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మనం రెండు సూట్‌కేసులతో దిగాం, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేశాం, మన డిగ్రీలకి ఇక్కడ విలువ లేదంటే మళ్ళీ చదువుకున్నాం, ఎవరూ మనకి పైసా ఇవ్వలేదు. ఫెడరల్ బడ్జెట్‌లో ఏటేటా వాళ్ళ పేరు మీద బిలియన్ల డాలర్లు పోతున్నాయి, మరి ఆ డబ్బంతా ఎటు పోతోంది? రిజర్వ్ మీద ఉన్నవాళ్ళ కష్టం వేరు, అక్కడ ఉద్యోగాల్లేవు, నీళ్ళు కూడా సరిగా లేని చోట్లున్నాయి, ఒప్పుకుంటా. కానీ సిటీకి వచ్చినవాళ్ళకి మనకున్న బడులే, మనకున్న ఉద్యోగాలే కదా? నేను కులం జాతి చూసి అనట్లేదు, ఊరికే ఇస్తూ పోతే ఎవరైనా అలాగే అవుతారని నా బాధ.

ట్యాక్స్_సుజాత
బాబాయ్ గారూ, ఈ "టాక్స్ లేదు" అనే మాట దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే నేను రోజూ చేసే పని అదే. ఇక్కడి ఆదివాసీల మీద కెనడా చేసిన ఇండియన్ యాక్ట్‌లో, సెక్షన్ 87లో ఉన్న మినహాయింపు మనిషిని బట్టి కాదండీ, స్థలాన్ని బట్టి వచ్చేది. స్టేటస్ (ఆ చట్టం కింద రిజిస్టర్‌లో పేరు) ఉన్న ఫస్ట్ నేషన్స్ (క్రీ లాంటి తెగల) మనిషి రిజర్వ్ మీద పనిచేసి సంపాదిస్తే దానికి టాక్స్ ఉండదు. అదే మనిషి విన్నిపెగ్ వచ్చి మామూలు కేర్ హోమ్‌లో పనిచేస్తే జీతంలోంచి మీకూ నాకూ కోసినట్టే కోస్తారు, టీ4 (జీతం స్లిప్పు) అదే, లెక్క అదే. మిగతా ఆదివాసీ వర్గాలైన మేటీలకీ ఇనూయిట్‌లకీ, స్టేటస్ లేనివాళ్ళకీ ఆ మినహాయింపు అసలు లేదు. ఓంటారియోలో స్టేటస్ కార్డ్ చూపిస్తే బిల్లు దగ్గర 13 శాతం సేల్స్ టాక్స్‌లో ప్రొవిన్స్ వాటా 8 తగ్గుతుంది, మీ ఊళ్ళో మీరు చూసేది బహుశా అదే. మానిటోబాలో సేల్స్ టాక్స్ పోవాలంటే రిజర్వ్ మీదే కొనాలి, లేదా వస్తువు అక్కడికే డెలివరీ అవ్వాలి.

ఇక ట్రీటీ డబ్బు, అంటే వాళ్ళ పూర్వీకులు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల డబ్బు. ఇక్కడి చాలా ట్రీటీల ప్రకారం మనిషికి ఏడాదికి వచ్చేది 5 డాలర్లు. నెలకి కాదు, ఏడాదికి! 1870ల్లో రాసుకున్న అంకె, ఇప్పటికీ అంతే, ఒక కాఫీ తాగి డోనట్ తింటే అయిపోతుంది.

చదువు ఫ్రీ అన్నది కూడా అంతే. ఫెడరల్ ప్రభుత్వం బ్యాండ్‌కి (ఒక్కో ఫస్ట్ నేషన్ స్థానిక పాలనా సంఘానికి) కొంత డబ్బు ఇస్తుంది, ఉన్నంతలో బ్యాండ్ తన పిల్లలకి పంచుతుంది, అయిపోతే మిగతావాళ్ళు వెయిటింగ్ లిస్ట్‌లోనే. 1996లో ఆ ఫండ్ పెంపు ఏడాదికి 2 శాతం దాటకూడదని సీలింగ్ పెట్టారు, అది ఏళ్ళ తరబడి నడిచింది, ఈ లోపు కాలేజీ వయసు పిల్లలు పెరిగారు, ఫీజులూ పెరిగాయి. మందులకీ పళ్ళకీ కళ్ళకీ వచ్చే ఫెడరల్ కవరేజ్ మాత్రం సిటీలో ఉన్నా వస్తుంది, అది నిజం, కాదనను. కానీ అదీ స్టేటస్ ఉన్న ఫస్ట్ నేషన్స్‌కీ ఇనూయిట్‌కీ మాత్రమే.

విన్నిపెగ్_నర్సమ్మ
సుజాత గారు చెప్పింది కరెక్ట్. నేను రెండు అంకెలు పెడతా, 2021 సెన్సస్‌వి. ఇండిజినస్ (ఆదివాసీ) జనం దేశం మొత్తం మీద 18 లక్షలు. స్టేటస్ ఉన్న ఫస్ట్ నేషన్స్‌లోనే ప్రతి 10 మందిలో దాదాపు 6గురు రిజర్వ్ బయట ఉంటున్నారు, అంటే మనం మాట్లాడుకునేది ఏదో మూలనున్న కొద్దిమంది గురించి కాదు. ఒక్క విన్నిపెగ్‌లోనే లక్ష పైచిలుకు, ప్రతి 8 మందిలో ఒకరు. తక్కువ ఆదాయం లెక్క చూస్తే ఇండిజినస్ వాళ్ళలో 18.8 శాతం, మిగతా జనంలో 10.7. తేడా పెద్దదే, కానీ ఇంకోవైపు నుంచి కూడా చూడండి, ప్రతి 5గురిలో 4గురు ఆ తక్కువ ఆదాయం గీతకి పైనే ఉన్నారు. వాళ్ళు మన పక్కన బస్‌లో కూర్చుంటారు, మా హాస్పిటల్లో నాతోపాటు డ్యూటీ చేస్తారు, మనం వాళ్ళని "నేటివ్స్" అని గుర్తుపట్టం కూడా. పోర్టేజ్ అవెన్యూ బస్ షెల్టర్‌లో పడుకున్న మనిషి ఒక్కడే మన కంట్లో పడతాడు.

బాబాయ్ గారూ, "మనకున్న అవకాశాలే" అన్నారు కాబట్టి చెప్తున్నా. 2008లో ఇదే విన్నిపెగ్‌లో బ్రయన్ సింక్లెయిర్ అని 45 ఏళ్ళ ఫస్ట్ నేషన్స్ మనిషి, రెండు కాళ్ళూ లేవు, వీల్‌చెయిర్‌లో ఎమర్జెన్సీకి వచ్చాడు, చిన్న క్లినిక్ వాళ్ళు లెటర్ ఇచ్చి పంపారు. 34 గంటలు వెయిటింగ్ రూమ్‌లోనే ఉన్నాడు. అక్కడే చనిపోయాడు. మూత్రాశయం ఇన్‌ఫెక్షన్, మందుతో తగ్గిపోయేది. తాగి పడున్నాడేమో, తలదాచుకోడానికి వచ్చాడేమో అనుకున్నామని కొందరు స్టాఫ్ తర్వాత విచారణలో చెప్పారు. మన హెల్త్ కార్డూ ఆయన హెల్త్ కార్డూ ఒక్కటే కదా, మరి మీరో నేనో ఆ కుర్చీలో ఉంటే అంతసేపు ఎవరూ రాకుండా ఉంటారా? మా కొత్త నర్సులకి నేను ఈ సంగతి తప్పకుండా చెప్తా.

బ్రాంప్టన్_బాబాయ్
అమ్మా, అది ఘోరం, దానికి ఎవరూ సమర్థింపు చెప్పలేరు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మనం వచ్చిన ఇరవై ఏళ్ళలో ఇల్లు కొన్నాం, పిల్లల్ని చదివించాం. వాళ్ళు ఇక్కడివాళ్ళే కదా, వాళ్ళకెందుకు కుదరట్లేదు?

సింగరేణి_సతీష్
అన్నా, నేను సాస్కటూన్‌ల ఉంటా, మాది కొత్తగూడెం. ఇల్లు కొన్నం అన్నవు కదా, బ్యాంకు లోన్ ఇస్తేనే కదనే కొన్నది? రిజర్వ్ భూమి మీద ఇల్లుంటే దాన్ని మామూలుగ తాకట్టు పెట్టనీకి రాదు, గా ఇండియన్ యాక్ట్ సెక్షన్ 89 అడ్డం వస్తది. మన నాయిన ఊర్లె పొలం అమ్మో కుదువపెట్టో మనల్ని ఫ్లైట్ ఎక్కించిండు, వాళ్ళ నాయినకి అమ్మనీకి ఏమున్నది? రిజర్వ్ ఇడిసి సిటీకొచ్చే పోరడు సున్నా కాడికెళ్ళి మొదలువెడ్తడు. మనం సున్నా అనుకుంటం గని మన ఎనక డిగ్రీ ఉన్నది, అమ్మానాయిన ఉన్నరు, అప్పిచ్చే మామ ఉన్నడు.

వాళ్ళ అమ్మానాయిన ముచ్చట చూడు. లక్షా యాభై వేల మందికి పైగా పిల్లల్ని ఇంటికాడికెళ్ళి తీస్కపోయి, వాళ్ళ భాష, సంస్కృతి మరిపించే రెసిడెన్షియల్ స్కూళ్ళల్ల వేసిన్రు, ఆఖరుది 1990ల్ల మూతబడ్డది, అంటే గా బడికి పోయినోళ్ళు ఇప్పుడు నీ వయసోళ్ళే ఉన్నరు. 1927 కెళ్ళి 1951 దాక తమ భూమి కోసం వకీలును పెట్టుకుందామని చందాలు వసూలు చేస్తే కూడ నేరమే. స్టేటస్ ఇడువకుండ ఫెడరల్ ఎలక్షన్ల ఓటేసుడు 1960ల వచ్చింది. ఇదంత పాత కథ అనకు, గా తరం మనవళ్ళే ఇప్పుడు ఉద్యోగం ఎతుక్కుంటున్నరు.

ఇంకోటి, మా సాస్కటూన్ల మస్కెగ్ లేక్ క్రీ నేషన్ వాళ్ళు 1988ల సిటీ లోపటనే రిజర్వ్ భూమి సంపాయించిన్రు, గిప్పుడు అక్కడ ఆఫీసులున్నయి, దుకాణాలున్నయి. భూమి చేతిల ఉంటే వాళ్ళూ మనలెక్కనే నిలబడ్తరు, నేను రోజు కండ్లార చూస్తున్న.

ట్యాక్స్_సుజాత
సతీష్ గారి మాటకి ఒకటి కలుపుతా. చాలామంది ఆడవాళ్ళు రిజర్వ్‌ని "వదిలి" రాలేదు, వెళ్ళగొట్టారు. 1985 దాకా స్టేటస్ ఉన్న అమ్మాయి స్టేటస్ లేనివాణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆమె స్టేటస్ పోయేది, రిజర్వ్ మీద ఉండే హక్కు పోయేది. అదే మగవాడు బయటి అమ్మాయిని చేసుకుంటే ఆ అమ్మాయికే స్టేటస్ వచ్చేది! శాండ్రా లవ్‌లేస్ అనే ఆవిడ ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి 1981లో కెనడాకి వ్యతిరేకంగా తీర్పు తెచ్చుకున్నారు, ఆ తర్వాతే చట్టం మారింది. అలా వచ్చేసినవాళ్ళ పిల్లలూ మనవళ్ళూ ఇవాళ సిటీల్లో ఉన్నారు.

ఇక బిలియన్లు ఎటు పోతున్నాయంటే, పెద్ద వాటా రిజర్వ్‌ల మీద బడులు, నీళ్ళు, ఇళ్ళు, అంటే మనకి ప్రొవిన్సూ సిటీ చేసే పనులకే పోతుంది. రిజర్వ్ బయటివాళ్ళ సంగతికొస్తే ప్రొవిన్స్ ఫెడరల్‌ని చూపిస్తుంది, ఫెడరల్ ప్రొవిన్స్‌ని చూపిస్తుంది. మేటీలూ స్టేటస్ లేనివాళ్ళూ కూడా రాజ్యాంగం ప్రకారం ఫెడరల్ పరిధిలోకే వస్తారని సుప్రీం కోర్టు 2016లో, డేనియల్స్ కేసులో, చెప్పాల్సి వచ్చింది. పదిహేడేళ్ళు నడిచింది ఆ కేసు.

బ్రాంప్టన్_బాబాయ్
టాక్స్ సంగతి ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు, థాంక్స్ అమ్మా. కానీ బ్యాండ్ ఆఫీసుల్లో ఖర్చుకి లెక్క చెప్పాలన్న మాట మీద మాత్రం నేను తగ్గను, అలా అడిగేవాళ్ళు వాళ్ళలోనే బోలెడుమంది ఉన్నారు. ఇక ఇంటి విషయం. తమ్ముడిది కష్టార్జితం, భయం సహజం. ఎవరైనా సరే రెండు నెలల డిపాజిట్ తీసుకుని ఇవ్వు.

విన్నిపెగ్_నర్సమ్మ
డిపాజిట్ అలా కుదరదండీ, మానిటోబాలో సగం నెల అద్దెకి మించి తీసుకోకూడదు. పైగా వంశం చూసి ఇల్లు ఇవ్వనంటే ఇక్కడి హ్యూమన్ రైట్స్ కోడ్ ప్రకారం తప్పు, ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుందో చూసి కాదన్నా తప్పే. ఇంకో మాట, ఉద్యోగాల్లో సమాన అవకాశాల కోసం ఉన్న ఎంప్లాయ్‌మెంట్ ఈక్విటీ చట్టంలో వాళ్ళున్న లిస్టులోనే విజిబుల్ మైనారిటీ అని మనమూ ఉన్నాం. మనల్ని ఏ ఇంటాయనైనా "కూర వాసన" అని వద్దంటే ఎంత మండుతుందో ఈ గ్రూపులో అందరికీ తెలుసు.

ప్రైరీ తమ్ముడూ, పే స్టబ్ ఉంది, పాత ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ అడుగు, మాట్లాడు. తెలుగబ్బాయి వస్తే ఏం అడుగుతావో అదే అడుగు. వచ్చేముందు ఇంటి కండిషన్ రిపోర్ట్ ఇద్దరూ కలిసి రాసి సంతకాలు పెట్టుకోండి, అది నీకూ మంచిది ఆవిడకీ మంచిది.

ప్రైరీ_కుర్రాడు
థాంక్స్ అక్కా, అందరికీ థాంక్స్. పాత ఇంటాయనకి ఫోన్ చేశా, అద్దె ఎప్పుడూ లేట్ కాలేదన్నాడు, ఇల్లు అమ్మేస్తున్నాడట, అందుకే ఖాళీ చేయిస్తున్నాడు. ఒకటో తారీకు నుంచి ఇస్తున్నా. ఆ కండిషన్ రిపోర్ట్ ఫారం రెసిడెన్షియల్ టెనెన్సీస్ (అద్దె వ్యవహారాల ఆఫీసు) వాళ్ళ సైట్‌లో దొరుకుతుందా, లేక మనమే రాసుకోవాలా? కిటికీలకి చలికాలం ముందే ప్లాస్టిక్ వేయించాలి, వెస్ట్ ఎండ్‌లో తక్కువలో చేసేవాళ్ళెవరైనా తెలిస్తే చెప్పండి.