‘కూతకెళ్లడం’: కబడ్డీ సినిమాల్లో వినిపించే మాట

ప్రశ్న:
కబడ్డీ పోటీ టీవీలో వస్తుంటే ఛానల్ మార్చేసేవాళ్లు కూడా కబడ్డీ సినిమాని చివరిదాకా కదలకుండా చూస్తారు. ‘ఒక్కడు’ (2003), ‘భీమిలి కబడ్డి జట్టు’ (2010), ‘సీటీమార్’ (2021) అలా చూసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆట తెలియని అలాంటి ప్రేక్షకుల తరఫున రెండు సందేహాలు. కూత అంటే నోటి నుంచి వచ్చే శబ్దం కదా, మరి ‘కూతకు వెళ్లడం’ ఏమిటి? సమీక్ష రాసేటప్పుడు ‘దాడికి వెళ్లాడు’ అంటే సరిపోదా?

జవాబు:
కోయు–కోత, మేయు–మేత, నేయు–నేత, పూయు–పూత. ఆ వరసలోదే కూయు–కూత. కోడి కూత, రైలు కూత ఇందులోవే. ‘కూతవేటు దూరం’ కూడా ఇక్కడిదే: ఒకచోట కూస్తే ఎంత దూరం వినిపిస్తుందో అంత దూరం. బహువచనంలోకి వచ్చేసరికి మాత్రం పరువు పోయింది. కారుకూతలు, పిచ్చి కూతలు అని ఎక్కువగా తిట్టడానికే వాడతాం.

ఇక ‘కూతకు’లోని ‘కు’ గమనించండి. వేటకెళ్లాడు, కోతకెళ్లాడు, కూలికెళ్లాడు అంటాం. శబ్దం దగ్గరికి వెళ్లడం కాదు, కూత పెట్టే పని మీద వెళ్లడం. ఇందులో వ్యాకరణ విడ్డూరమేమీ లేదు.

‘దాడి’ తప్పు కాదు గాని రుచి పోతుంది. పైగా తెలుగు పత్రికల్లో దాడులంటే ఏసీబీవాళ్లే గుర్తొస్తారు! ఆటగాడు ఒంటరిగా ఎదుటి జట్టు కోర్టులోకి వెళ్లి తాకి రావడాన్ని ఇంగ్లిష్‌లో ‘రైడ్’ అంటారు. ఆ మాట అతను చేసే పనిని చెబుతుంది. ‘కూత’ ఆ పని చేస్తున్నంతసేపూ ఆగకూడనిదేమిటో చెబుతుంది. నియమమూ అదే. ఎదుటి కోర్టులో అడుగు పెట్టకముందే ‘కబడ్డీ, కబడ్డీ’ మొదలవ్వాలి, స్పష్టంగా వినిపించాలి, గుక్క తిప్పుకోకూడదు. ఆలస్యంగా మొదలుపెడితే అంపైర్ వెనక్కి పంపేస్తాడు. అవతలి కోర్టులో కూత ఆగితే అవుట్.

మరో సభ్యుడు:
అసలు సంగతి అక్కడే ఉందండీ. ఆట నచ్చనివాళ్లకు సినిమా ఎందుకు నచ్చుతుందన్నదానికి కూడా జవాబు ఆ కూతే అని నా వాదన. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ పోటీలు చూడండి. రైడ్‌కు 30 సెకన్లు, తెర మీద గడియారం, వ్యాఖ్యాత గొంతు, స్టేడియం గోల. వీటి మధ్య కూత సరిగా వినపడదు. తెలియనివాడి కంటికి ఒకడు గీతల మధ్య అటూ ఇటూ గెంతుతున్నట్టే ఉంటుంది. సినిమాలో మైకు ఆటగాడి నోటి దగ్గరుంటుంది. ఊపిరి తగ్గుతున్నట్టు వినిపించగానే, బోనస్ గీత ఎక్కడుందో తెలియనివాడు కూడా తన ఊపిరి బిగపడతాడు. ఎంతసేపు మిగిలిందో గడియారం చూపక్కర్లేదు, గొంతే చెబుతుంది.

అందుకే ధ్వని దగ్గర కక్కుర్తి పడితే సన్నివేశం తేలిపోతుంది. రెండు మూడు సెకన్ల కూత ముక్కను రికార్డు చేసి దాన్నే తిప్పి తిప్పి అతికిస్తే మొదటి ‘కబడ్డీ’కీ చివరి దానికీ తేడా ఉండదు. నిజమైన కూత పోనుపోను సన్నబడుతుంది, ‘క’ మింగుడుపడిపోయి ‘బడ్డీ బడ్డీ’ మిగులుతుంది, పట్టు పడ్డప్పుడు అదురుతుంది. ఒకే గుక్కలో మొత్తం చెప్పించి తీసుకుంటే తప్ప ఆ మార్పు రాదు.

ఇంకో తంటా: హీరో కూత మధ్యలో పంచ్ డైలాగ్ చెప్పడం. నియమం ప్రకారం డైలాగ్ మొదటి అక్షరానికే అవుట్! ఆ మాట మనసులో అనుకున్నట్టు పెడితే గొడవ లేదు.

ప్రశ్న అడిగినవారు:
బాగుందండీ. పతాక సన్నివేశంలో ఏడుగురూ మీద పడ్డా హీరో పాక్కుంటూ వచ్చి మధ్యగీతను వేలితో ముట్టుకుంటాడు, అంతా అవుట్ అంటారు. అది సినిమా మాయేనా?

మొదట జవాబిచ్చినవారు:
కాదు, నియమమే. శరీరంలో ఏ భాగం మధ్యగీతను తాకినా చాలు, అతన్ని పట్టుకున్నవాళ్లంతా అవుట్. ఏడుగురూ పోతే ఏడు పాయింట్లు, ఆలౌట్‌కు అదనంగా రెండు. ఆ తొమ్మిది పాయింట్లతో స్కోరు తలకిందులవుతుంది కాబట్టే కథకులకు ఆ ఘట్టం అంత ముద్దు. కూత మాత్రం గీత ముట్టేదాకా ఆగకూడదు. అరుపులూ నేపథ్య సంగీతమూ దాన్ని మింగేస్తే, తెలిసినవాడికి ‘వీడు ఎప్పుడో అవుట్ కదా’ అనిపిస్తుంది.

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, దానికి మీటరు అవతల బోనస్ గీత. ఎవరినీ తాకకుండా, బాక్ లైనూ దాటకుండా తిరిగొస్తే కూతకెళ్లినవాడే అవుట్. ఎదుటి జట్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే బోనస్ గీత దాటినందుకు అదనపు పాయింటు. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉండి పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. ‘పట్టింది ఒకణ్నే కదా, రెండెందుకొచ్చాయి’ అని సినిమా చూస్తూ పక్కవాళ్లని గోకేవాళ్లకు ఇదీ సమాధానం.

వేరొకరు:
చెడుగుడు సంగతి ఎవరూ ఎత్తలేదేం? కబడ్డీకి మన పాత పేరు. తమిళంలో సడుగుడు. విచిత్రమేమిటంటే క్రికెట్ వార్తల్లో కూడా ‘బౌలర్లను చెడుగుడు ఆడుకున్నాడు’ అని రాస్తారు. అవతల ఎంతమంది ఉన్నా ఒక్కడే ముప్పుతిప్పలు పెట్టడం అన్నది కూతకెళ్లినవాడి బొమ్మే.

మరో సభ్యుడు:
‘మంత్రిగారిని నెటిజన్లు చెడుగుడు ఆడుకున్నారు’ అని కూడా రాస్తున్నారుగా! అక్కడ మంది అటు, ఒక్కడు ఇటు. పట్టు పట్టే జట్టు వైపు నుంచి చూస్తే అదీ కుదురుతుంది లెండి.

ప్రశ్న అడిగినవారు:
సమీక్షలో నేను రాసుకున్న వాక్యం ఇది: ‘హీరో ప్రత్యర్థి శిబిరంపై దాడికి దిగి ఇద్దరు ఆటగాళ్లను స్పర్శించి విజయవంతంగా వెనుదిరిగాడు.’ ఎలా మార్చమంటారు?

మొదట జవాబిచ్చినవారు:
‘కూతకెళ్లి ఇద్దర్ని తాకొచ్చాడు.’ అంతే. ‘వెనుదిరిగాడు’ అసలొద్దు, క్రీడా వార్తల్లో ఆ మాటను అవుటై పోయినవాడికి వాడతారు.