కత్తిపీటను బల్లకు బిగించాక వచ్చిన వీలు కొత్తదా, పాతదేనా?

పర్లాకిమిడిలో మా ఇంట్లో పాత కత్తిపీట ఒకటుంది. మోకాళ్లు పట్టేసి మామ్మ కింద కూర్చోలేకపోతోంది. అమ్మ మాత్రం రోజూ దాని మీదే కూరలు తరుగుతుంది. పీట అదే, పదునూ అదే. మామ్మ విషయంలో దానికున్న 'తరిగే వీలు' ఏమైందో నాకు తేలడం లేదు.

వస్తువు ప్రాణికిచ్చే ఇలాంటి వీలును 'అఫర్డెన్స్' అన్న మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్, అది ప్రాణిని బట్టి ఉంటుందనీ, అవసరాన్ని బట్టి మారదనీ 1979లో రాశాడు. మామ్మకు మారింది అవసరం కాదు, సామర్థ్యం. 1992లో మనస్తత్వ శాస్త్రవేత్త టర్వీ అన్నట్టు అది ప్రాణి సామర్థ్యంతో జతపడితే బయటపడే, వస్తువుకుండే స్వభావమైతే, మామ్మ మోకాళ్లు పట్టేసినా అది పీటలో ఉన్నట్టే. 2003లో తత్వవేత్త కెమెరో అన్నట్టు అది మనిషి సామర్థ్యానికీ పరిస్థితికీ మధ్య సంబంధమైతే, మామ్మ వైపు అది తెగిపోయింది. నాకు ఇదే సబబనిపించింది.

కానీ కాలితో తొక్కిపట్టే పని లేకుండా పీటను ఎత్తు బల్లకు బిగించాం. మామ్మ కుర్చీలో కూర్చుని వంకాయలు చకచకా తరిగేసింది! ఆమె మోకాళ్లు ఏమీ బాగుపడలేదు, అయినా వీలు తిరిగొచ్చింది. దాంతో మళ్లీ మొదటికొచ్చాను. ఇక్కడ తత్వశాస్త్రం చదివినవాళ్లను అడిగినా తేల్చలేదు.

కెమెరో పక్షాన నిలబడేవారు చెప్పండి: బల్లకు బిగించకముందు మామ్మకు ఆ వీలు ఉన్నట్టా, లేనట్టా?